చక్రముల యుద్ధశకటము – నిర్మాణ విచారము

పదాతి సైనికుడు కాలినడకను పోరువాడని ప్రసిద్ధి. అయినను నేటి యుద్ధమున అతడు రణరంగమును చేరులోపలనే ఫిరంగి గుండ్ల తునుకలును, నేలలో పాతిన మందుపాతరలును అతనిని కబళింపగలవు. కావున అతనిని కాపాడి కొనిపోవు వాహనము అవసరమైనది. సైనికులను దింపి మరలిపోవునది కవచవాహనము. దింపిన పిదప వారితోనే నిలిచి, తన ఫిరంగితో తానును పోరునది పదాతి యుద్ధశకటము. 1967లో సోవియట్ ప్రభుత్వము మాస్కో కవాతున ప్రదర్శించిన బి.ఎం.పి. ఈ రెండవ తెగకు దారి చూపినది.

ఈ విషయము తెలుగువారికి దూరమైనది కాదు. భివండిలో సాంచాలు నడుపు తెలుగు కుటుంబములలో పెక్కింటికి పుట్టినిల్లు తెలంగాణము. అదే తెలంగాణమున, నేటి సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారమున 1984లో ఆయుధ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. సోవియట్ అనుమతితో బి.ఎం.పి.-2 శకటమును ‘సారథ్’ అను పేర నిర్మించుట అచట 1987లో ఆరంభమైనది. దానిలో నడుపువారు ముగ్గురు, సైనికులు ఏడుగురు. పైన 30 మిల్లీమీటర్ల ఫిరంగి, ట్యాంకులను ఛేదించు క్షిపణియు గలవు. బరువు సుమారు 14 టన్నులు. అది నీటిపై తేలిపోగలదు. అయితే అది చక్రములను చుట్టి తిరుగు ఇనుప గొలుసుపట్టీలపై నడచునది.

గొలుసుపట్టీ బరువును విశాలముగా పరచుటచే శకటము బురదలోను ఇసుకలోను దిగబడదు. కాని రోడ్డుపై దూరప్రయాణము చేసిన పట్టీ త్వరగా అరుగును, ఇంధనము హెచ్చుగా వ్యయమగును, రోడ్డును చెడును. అందువలన దూరప్రాంతములకు దానిని రైలుపైననో పెద్ద లారీపైననో చేర్చుట వాడుక. రబ్బరు చక్రముల శకటము తనంతట తాను వేగముగా, తక్కువ చప్పుడుతో పోగలదు. ఎనిమిది చక్రములున్నచో ఒకటి మందుపాతరకు ఎగిరిపోయినను తక్కినవానిపై తప్పించుకొనవచ్చును. ఇసుక వచ్చినపుడు లోపలినుండియే టైర్ల గాలిని తగ్గించి, నేలపై ఆనుడును పెంచు ఏర్పాటు కూడ ఇట్టి శకటములందు సాధారణము. అయినను లోతైన బురదలో చక్రము గొలుసుపట్టీకి సాటి రాదు.

నిర్మాతకు అసలు చిక్కు బరువు. ఒక ఘనమీటరు నీరు ఒక టన్ను తూగును. కాబట్టి 20 టన్నుల శకటము తేలవలెనన్న కనీసము 20 ఘనమీటర్ల నీటిని తొలగింపవలెను. సైనికుల రక్షణకై మరియొక టన్ను ఉక్కుపలకను చేర్చినచో మరియొక ఘనమీటరు పరిమాణము కావలెను. పరిమాణము పెరిగిన కప్పవలసిన గోడలును పెరుగును. గోడలు పెరిగిన మరల బరువు హెచ్చును. ఈ వలయమును ఎచట ఆపవలెనో నిర్ణయించుటయే నిర్మాణ కళ.

ఆ నిర్ణయము పొరపడినచో మూల్యము చెల్లించునది లోపల కూర్చుండువాడు. 1979 మొదలు 1989 వరకు జరిగిన ఆఫ్ఘన్ యుద్ధమున సోవియట్ సైనికులు మందుపాతరల భీతిచే శకటము లోపల కూర్చుండక, తుపాకి గుండ్లకు ఎదురుగా దాని కప్పుపై కూర్చుండి ప్రయాణించుట పరిపాటియైనది. ఆ అనుభవము, ఇతర యుద్ధముల అనుభవము తరువాతి నిర్మాతలకు పాఠమైనవి. అడుగుభాగమును పడవవలె కోణముగా మలచిన పేలుడు వేగము ప్రక్కలకు చీలును. ఆసనములను నేలకు బిగింపక, గోడలకో కప్పునకో తగిలించిన ఆ దెబ్బ వెన్నెముకకు సూటిగా సోకదు. కాని ఇట్లు చేసిన శకటము ఎత్తు పెరిగి, శత్రువు కంటికి సులభముగా పడును.

ఈ పరస్పర విరుద్ధములైన కోర్కెలను పొందుపరచుటకు మన దేశమున జరిగిన యత్నము మహారాష్ట్రమునందే రూపొందినది. పూర్వము అహ్మద్‌నగరమని పిలువబడిన అహిల్యానగరమున రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థకు చెందిన వాహన పరిశోధనశాల కలదు. ఆ శాలయు టాటా సంస్థయు కలిసి ఎనిమిది చక్రముల శకటమును నిర్మించి, 2014లో ఢిల్లీ రక్షణ ప్రదర్శనమున ‘కెస్ట్రెల్’ అను పేర చూపినవి. అనంతరము అది ‘వాప్’ అను పేర ప్రసిద్ధమైనది. అది నీటిపై తేలును. నీటిని వెనుకకు చిమ్ము యంత్రములు దానిని ముందునకు నెట్టును. క్రింది భాగము ఒకటే. పై భాగమును మార్చి ఫిరంగి శకటముగను, సైనికులను చేరవేయు బండిగను మలచుకొనవచ్చును. ఈ కుదురున పుట్టిన రక్షిత వాహనములు 2022 ఏప్రిల్‌లో పుణెలో సైన్యమునకు అందినవి. 2025 సెప్టెంబరులో మొరాకో దేశపు బెర్రెషిద్ పట్టణమున ఈ శకటములను నిర్మించుటకు టాటా వారి కర్మాగారము ప్రారంభమైనది.

లడఖ్ వంటి చోట్ల మరియొక పరీక్ష ఎదురగును. 4,500 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టమున ఉన్నదానిలో మూడింట రెండు వంతులకన్న తక్కువ. ఇంజనునకు ఊపిరి తగ్గును, బలము తగ్గును. కావున గాలిని బలవంతముగా లోనికి పంపు టర్బో యంత్రము కావలెను.

సాంచా వేగమును హద్దు మీరి హెచ్చించినచో నూలు తెగును. మిక్కిలి తగ్గించినచో కూలి గిట్టదు. నేర్పరియైన కార్మికుడు రెంటి నడుమ తగిన చోటును ఎరుగును. యుద్ధశకటమునకును ఇదియే న్యాయము. ఏ శకటమును సర్వోత్తమమని పొగడుట తగదు. అది దేనిని వదలుకొని దేనిని పొందినదో విచారింపవలెను. అట్లు విచారించువాడే దానిలో ఎక్కు సైనికుని ప్రాణమునకు వెల కట్టకయే విలువ నిచ్చినవాడగును.