చేతి సంజ్ఞయు సెల్ఫోనును

నేను ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను. యంత్రశాస్త్రము నా విద్య కాదు. ఐనను ఈ దినమున సెల్ఫోనును గూర్చి ప్రసంగింప బూనుటకు మా యింట జరిగిన యొక సంగతి కారణము.

మా యన్నగారికి డెబ్బదియాఱేండ్లు. కంపవాతము పట్టినది. పల్లెలో, పాత యింట, ఒంటరిగా నున్నారు. ఫోను చేతబట్టినచో వ్రేలు అద్దముపై జాఱి, నన్ను బిలువబోయి పాలవానిని బిలుచుచుండిరి. ఇంజనీరింగు చదువుచున్న నా మనుమడు జాలిపడి, ఆయన ఫోనులో నొక యేర్పాటు చేసెను. ఫోనును రెండుమాఱులు కుదిపిన చాలును, నాకు పిలుపు వచ్చును. అద్దము తాకనక్కఱలేదు. మేమందఱము సంతోషించితిమి.

మొదటిదినముననే నాకు పదునొకండు పిలుపులు వచ్చినవి. ఎత్తి చూడగా అవతల మాట లేదు. బట్టల రాపిడి మాత్రము వినబడుచుండెను. రెండవ దినమును అంతే. నాల్గవనాటి రాత్రి ఫోను మ్రోగినప్పుడు, వణకే గదా యని నేను ప్రక్కకు తిరిగి పరుంటిని. ఆ రాత్రి అన్నగారు పెరటి మెట్టుపై జాఱిపడి, లేవలేక, తెల్లవాఱువఱకు నచ్చటనే యుండిరి. ఎముక విఱుగలేదు. ఆయన కుదిపిరి, ఫోను పిలిచెను, నేను పలుకలేదు.

మఱునాడు మనుమని కూర్చుండబెట్టి, ఈ పెట్టె చేతి కదలికను ఎట్లు గ్రహించుచున్నదో మొదటినుండి చెప్పుమంటిని. నాకు బోధపడినంత మీకు నివేదించెదను.

మొదట తెలియవలసినది, ఈ పనిలో ఫోను మన చేతిని చూడదు. నర్తకి హస్తము పట్టినప్పుడు ప్రేక్షకుడు కంటితో చూచి యర్థము గ్రహించును. ఇచ్చట కన్ను లేదు. కిటికీలు మూసిన బస్సులో, కన్నులు మూసికొని నిలుచున్న మనుష్యుని తలచుకొనుడు. బండి కదిలినప్పుడు వెనుకకు తూలును. బ్రేకు వేసినప్పుడు ముందునకు తూలును. మలుపు తిరిగినప్పుడు ప్రక్కకు ఒఱగును. ఊరు కనబడకున్నను ప్రయాణము కాళ్లకు తెలియును.

ఫోనులో నట్లు తూలెడి వస్తువొకటి కలదు. సిలికాన్ పలకలో చెక్కిన మిక్కిలి చిన్న ముద్ద అది. సన్నని కమానులపై నిలిచియుండును. దాని యంచులకు దువ్వెనవలె పండ్లుండును. అవి కదలని మఱియొక దువ్వెన పండ్ల సందులలో చొచ్చియుండును. ఫోను కదలినప్పుడు ముద్ద వెనుకబడును. పండ్ల నడుమ దూరము మాఱును. ఆ సందులలో నిలుచు విద్యుత్తు మాఱును. ఆ మార్పే అంకెయై వెలువడును. దీనినే యాక్సెలరోమీటరు అందురు. మన భాషలో త్వరణమాపకము అనవచ్చును. ఇట్టివి 1990 దశకమున మోటారుకార్లు ఢీకొన్న క్షణమున గాలిసంచుల నుబ్బించుటకై వాడుకలోనికి వచ్చినవి. 2006లో నింటెండో వారి వీ యను నాటయంత్రపు చేతిమీటలో చేరినవి. 2007లో సోనీ ఎరిక్సన్ వారి వాక్‌మన్ ఫోనులలో ఫోనును కుదిపిన పాట మాఱెడిది. ఆ యేడే వచ్చిన తొలి ఐఫోనులో, పెట్టెను అడ్డముగా తిప్పిన తెరమీది బొమ్మయు అడ్డముగా తిరిగెడిది.

ఇందొక వింత కలదు. బల్లపై కదలక పరుండిన ఫోనులో ఈ సాధనము సున్న చూపదు, 9.8 చూపును. అది భూమ్యాకర్షణపు కొలత, సెకను వర్గమునకు మీటర్లలో. చేయి జాఱి క్రిందపడుచున్న ఫోను మాత్రము దాదాపు సున్న చూపును. కదలనిది కొలత చూపుటయు, కదలునది చూపకుండుటయు నేమని నేను మనుమనితో వాదించితిని. ముద్దను కమానులు ఎంత మోయుచున్నవో అదియొక్కటే దానికి తెలియునట. పడునప్పుడు ముద్దయు పెట్టెయు కలిసియే పడుటచే కమానులకు మోత లేదు. నా వాదము వీగిపోయినది. ఈ వింతయే తరువాత మాకు దారి చూపినది గనుక దీనిని జ్ఞాపకముంచుకొనుడు.

వైశేషికులు కర్మ నైదు విధములుగా చెప్పిరి: ఉత్క్షేపణము, అవక్షేపణము, ఆకుంచనము, ప్రసారణము, గమనము. భ్రమణమును, అనగా తిరుగుటను, గమనమునందే చేర్చిరి. ఫోను చేసినవారు అట్లు చేర్పలేకపోయిరి. తిరుగుటకు వేఱొక సాధనము కావలసివచ్చెను. అది గైరోస్కోపు. తిరుగుచున్న రంగులరాట్నముపై నడిమినుండి అంచునకు నడచువానిని ఏదియో ప్రక్కకు త్రోసినట్లుండును గదా. 1835లో ఫ్రెంచి పండితుడు కొరియోలిస్ వివరించిన ప్రభావమిదియే. ఫోనులోని గైరోస్కోపునందు చిన్న ముద్దలు ఎడతెగక అదురుచుండును. పెట్టె తిరిగినప్పుడు అవి ప్రక్కకు త్రోయబడును. ఆ త్రోపును కొలుతురు. 2010లో ఐఫోను 4తో నిది ఫోనులోనికి వచ్చెను. వ్రేళ్ల ఆకుంచన ప్రసారణములు మాత్రము ఈ రెంటికిని తెలియవు. చేతిని తాకకయే కనిపెట్టుటకు గూగుల్ వారు 2019లో పిక్సెల్ 4 ఫోనునందు చిన్న రాడారును పెట్టిరి. ఆ ఫోను మన దేశమున అమ్మకమునకు రాలేదు. మఱుసటి యేటి పిక్సెల్ 5లో ఆ రాడారే లేదు.

ఇంతవఱకు యంత్రపు పని. అర్థము చెప్పుట మనుష్యుని పని. అన్నగారి ఫోనులో సెకనునకు 50 మాఱులు, మూడు దిక్కులకు మూడు అంకెలు వచ్చుచుండును. ఆ యంకెలలో కుదుపు అను మాట ఎచ్చటను లేదు. ఒకడు కూర్చుండి, ఇంత దాటిన కుదుపు, దాటకున్న కాదు అని గీత గీయవలెను. మా మనుమడు దానిని తన యిరువదియేండ్ల చేతితో పరీక్షించి గీసెను. పెదతాతగారి చేయి బలహీనము, గీత తగ్గింపుమని చెప్పినవాడను నేను. కంపవాతపు వణకు సాధారణముగా సెకనునకు 4 మొదలు 6 మాఱులుండును. కోరి కుదుపు చేయియు దానికి దగ్గఱ వేగముననే కుదుపును. కావున గీతను హెచ్చించిన మొఱ వినబడదు; తగ్గించిన వణకంతయు మొఱయే. మేము మూడు దినములు ఆ గీతతో పెనగులాడి, తప్పు గీతయందు లేదని, సంజ్ఞను ఎన్నుకొనుటయందే కలదని తెలిసికొంటిమి. రోగము తనంతట చేయు పనిని మేము సంజ్ఞగా నిర్ణయించితిమి!

రోగము చేయని పని యేది? ఫోనును బోర్లించి నిలుపుట. వెల్లకిల నున్న ఫోనులో, తెరకు ఎదురుగా నుండు దిక్కున కొలత 9.8, బోర్లించిన అదియే ఋణము 9.8. జేబులో నిలువుగా నున్నప్పుడు ఆ దిక్కున సున్నకు దగ్గఱ. వణకు త్వరగా వచ్చి పోవునది. భూమి బరువు నిలకడగా నుండునది. వానిని విడదీయుటకు, వచ్చిన ప్రతి క్రొత్త కొలతను నూటికి 5 పాళ్లు మాత్రము గ్రహించి, పాత విలువను 95 పాళ్లు నిలుపుకొనవలెనట. మజ్జిగలో నొక్కొక్క చుక్క నీరు కలిపినట్లు. అట్లు చేయగా వణకు పదింట తొమ్మిది వంతులకు పైగా అణగిపోయినది, బరువు నిలిచినది. ఇందు వెలయు కలదు: ఫోను మునుపటికన్న నెమ్మదిగా గ్రహించును. ముసలివానికి ఆ యాలస్యము లెక్క కాదు.

మనుమడు తొలుత ఋణము 9 దాటవలెనని పెట్టెను. అన్నగారి మణికట్టు అంత చదునుగా తిరుగలేదు. ఆ కొలతకు 23 డిగ్రీలకు మించి వాలు పనికిరాదు. ఋణము 7 చేసిన తరువాత 44 డిగ్రీల వాలైనను ఒప్పుకొనెను. బోర్లించి రెండు సెకనులుంచి, మరల వెల్లకిల త్రిప్పవలెను. అప్పుడు ఫోను చేతిలో నొకసారి అదరి, వింటినని తెలుపును. పొరపాటైన మాన్పుటకు ఐదు సెకనుల గడువిచ్చును.

వణకెడి చేతులవారు మీ యింట నున్నచో, వారి ఫోనులలో కుదుపుతో పనిచేయు ఏర్పాట్లను ముందుగా వెదకుడు. ఐఫోనులో ఫోను కుదిపిన, వ్రాసినది రద్దుచేయుమందువా యని యడుగు నేర్పాటు కలదు. దానిని యాక్సెసిబిలిటీ సెట్టింగులలో ఆపవచ్చును.

ఇప్పుడు పగలు నాకు ఉత్త పిలుపులు లేవు. సాయంకాలము దీపము పెట్టిన పిదప మాత్రము ఒకటి వచ్చును. ఎత్తగానే అన్నగారు, “ఏమియు లేదురా తమ్ముడూ, బోర్లించి చూచితిని, పలుకుదువో లేదో యని” అందురు.