యుద్ధవేళ వారసత్వ రక్షణ ఎవరి బాధ్యత? ఖరగ్‌పూర్ హిజ్లీ భవనం చెబుతున్నదేమిటి?

ఖరగ్‌పూర్: యుద్ధకాలంలో సైన్యం అధీనంలోకి వెళ్లిన చారిత్రక కట్టడాన్ని కాపాడవలసింది ఎవరు? తరతరాలుగా రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నెలవైన ఖరగ్‌పూర్‌లోని హిజ్లీ నిర్బంధ శిబిరం చరిత్ర ఈ ప్రశ్నను ముందుంచుతోంది.

హిజ్లీలో ఏం జరిగింది?

స్వాతంత్ర్య యోధులను నిర్బంధించేందుకు బ్రిటిష్ ప్రభుత్వం 1930లో ఈ శిబిరాన్ని తెరిచింది. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో నిరాయుధులైన సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అమరులయ్యారు. రవీంద్రనాథ్ ఠాగూర్, సుభాష్ చంద్రబోస్ దీన్ని తీవ్రంగా నిరసించారు. 1942లో శిబిరం మూతపడింది. 1944లో ఆ ప్రాంగణం అమెరికా 20వ బాంబర్ కమాండ్‌కు ప్రధాన కేంద్రమైంది. పరిసరాల్లోని కలైకుండ, చాకులియా వంటి వైమానిక క్షేత్రాల నుంచి బీ-29 విమానాలు జపాన్ స్థావరాలపై దాడులకు బయలుదేరేవి.

చట్టం ఏమంటోంది?

విద్య, మత, కళా సంస్థల ఆస్తులను ఆక్రమిత ప్రాంతంలోని సైన్యం స్వాధీనం చేసుకోరాదని, ధ్వంసం చేయరాదని 1907 నాటి హేగ్ నిబంధనలు పేర్కొన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ విధ్వంసం తర్వాత, 1954 మే 14న కుదిరిన హేగ్ ఒప్పందం బాధ్యతలను మరింత స్పష్టంగా విభజించింది. శాంతికాలంలోనే రక్షణ ఏర్పాట్లు చేసుకోవడం సొంత ప్రభుత్వం విధి. సాంస్కృతిక కట్టడాలను దెబ్బతినే రీతిలో సైనిక అవసరాలకు వాడకపోవడం పోరాడే పక్షాలన్నింటి విధి. అయితే అనివార్య సైనిక అవసరం పేరిట దీనికి మినహాయింపు ఉంది. ఆక్రమించిన దేశం స్థానిక అధికారుల సంరక్షణ కృషికి వీలైనంత మేర తోడ్పడాలి. భారత్ 1958లో ఈ ఒప్పందంలో చేరింది.

హిజ్లీకి ఇది వర్తించేదా?

ఆక్రమణ నిబంధనలు వర్తించవు. అక్కడికి వచ్చింది శత్రుసేన కాదు, పాలక ప్రభుత్వ మిత్రపక్ష సైన్యం. పైగా కాల్పులు జరిగి అప్పటికి 13 ఏళ్లే. ప్రజలకు అది త్యాగభూమి. పాలకులకు ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనం. వారసత్వంగా గుర్తింపు పొందని కట్టడానికి ఏ ఒప్పందమూ అక్కరకు రాదు. శాంతికాలపు గుర్తింపు, నమోదు కీలకం కావడానికి కారణమిదే.

స్వాతంత్ర్యానంతరం ఆ భవనం విద్యాలయంగా నిలిచింది. దేశంలోని తొలి ఐఐటీ 1951లో అక్కడే ప్రారంభమైంది. నేడు అందులో నెహ్రూ విజ్ఞాన, సాంకేతిక మ్యూజియం ఉంది. యుద్ధవేళ సైన్యానికి నియమాలుంటాయి. ఆ నియమాలు దేనిని కాపాడాలో ముందే తేల్చి చెప్పవలసింది మాత్రం శాంతికాలపు ప్రభుత్వం, సమాజమే.