ఏ కటకము కొనవలెను?

ఛాయాచిత్రములయందు మక్కువగల యువకుడు కటకము కొనుటకు సొమ్మడిగినపుడు, "దేనిని చిత్రింతువు?" అని పెద్దలు ముందడుగవలెనని నా మనవి.

టెక్కలి చెంతనున్న తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును వచ్చి, చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. గ్రామస్థులు వానిని శుభసూచకములుగ నెంచుదురు. 35 మిల్లీమీటర్ల ఫిలిము కెమెరాకు 50 మిల్లీమీటర్ల కటకము సాధారణము. నిలిచిన చోటనే 200 మిల్లీమీటర్ల దానిని వాడినచో పక్షిబొమ్మ నాలుగింతల పొడవున పడును. పొట్టి కటకముగలవాడు ఆ కొరత తీర్చుకొన గూటి దరికి నడచును. తల్లిపక్షి బెదరి లేచును. పిల్లలు ఎండకును కాకులకును గురియగును. కావున పక్షులకు దూరకటకమే తగును. అయితే దానితో చేయి వణకినచో బొమ్మ చెదరును. సెకండులో 200వ వంతుకు మించని కాలమున తీయవలెను. లేదా ముక్కాలి స్టాండు వలయును.

శ్రీకూర్మమునందలి గోడబొమ్మలకో, అనుమతి దొరకినచో, 50 మిల్లీమీటర్లదే మేలు. మంటపపు నీడలో దూరముకన్న వెలుతురే ముఖ్యము: ఎఫ్ 2 ద్వారము ఎఫ్ 4 కన్న నాలుగింతల వెలుతురును లోనికి విడుచును.

సొమ్ము ఒకదానికే చాలినచో 50 మిల్లీమీటర్లదానినే కొనుడు. దూరకటకమును మిత్రులు కలసి కొనవచ్చును. అది లేనినాడు పక్షిబొమ్మ చిన్నదైనను సరియే, గూటి దరికి మాత్రము పోరాదు.