పాత యజమాని ప్రస్తావన వచ్చినప్పుడు

ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్తే తరచూ ఎదురయ్యే ప్రశ్న: ‘పాతచోట ఎందుకు మానేశారు?’ జీతం సరిగా ఇవ్వలేదనో, నలుగురిలో అవమానించారనో మనసులో మంట ఉంటుంది. అడిగిందే తడవుగా పాత యజమాని లోపాలన్నీ ఏకరువు పెడతాం. ‘ఉన్నమాటే కదా అన్నాం’ అని సరిపెట్టుకుంటాం.

కాని ఉన్నమాట కూడా గీబత్ కావచ్చు. సోదరుని గురించి అతనికి నచ్చని సంగతి చెప్పుకోవడమే గీబత్ అనీ, ఆ లోపం అతనిలో లేకపోతే అది అపనింద అనీ దైవప్రవక్త (స) వివరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. హుజురాత్ సూరా 12వ ఆయత్ గీబత్‌ను చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చింది.

మరి ఏం చెప్పాలి? హజ్రత్ యూసుఫ్ (అ) వృత్తాంతం చూడండి. అజీజ్ ఇంట మోపిన నింద వల్ల ఆయన కొన్నేళ్లు చెరసాలలో గడిపారు. రాజు పిలిపించినా వెంటనే బయటికి రాలేదు. చేతులు కోసుకున్న స్త్రీల సంగతి విచారించమని కబురు పంపారు. అజీజ్ భార్య మాటెత్తలేదు. విచారణలో ఆమే నిజం ఒప్పుకుంది. తర్వాత కోశాగారాల బాధ్యత అడిగినప్పుడు ఆయన చెప్పుకున్నవి రెండే: తాను కాపాడగలవాడు, తెలిసినవాడు (యూసుఫ్ సూరా 50-55).

మనమూ చేసిన పని, నేర్చుకున్న విద్య చెబుదాం. ‘అక్కడ మాకు పొసగలేదు’ అని ఒక్కమాటతో ఆపుదాం. అయితే అబద్ధం వద్దు. వాళ్లు తీసేస్తే, మనమే మానేశామని చెప్పకూడదు. నింద పడి ఉంటే, విచారించుకోమని ధైర్యంగా అనవచ్చు. పాత దుకాణం ధరలు, ఖాతాదారుల వివరాలు మన దగ్గరున్న అమానత్. కొత్తవారి మెప్పు కోసం వాటిని బయటపెట్టరాదు.

అన్యాయాన్ని దిగమింగమని ధర్మం చెప్పదు. బాధితుడు న్యాయం చేయగల అధికారికి ఫిర్యాదు చేయడం గీబత్ కాదని ఇమామ్ నవవీ ‘రియాజుస్సాలిహీన్’లో రాశారు. జీతం బకాయి ఉంటే కార్మికశాఖ అధికారి దగ్గరికి వెళ్లాలి. ఇంటర్వ్యూ చేసేవారు ఆ బకాయి ఇప్పించలేరు. అలాగే అక్కడ చేరబోయే వ్యక్తి సలహా అడిగితే, అవసరమైనంత నిజం చెప్పాలి. పెళ్లి విషయంలో సలహా కోరిన ఫాతిమా బిన్తె ఖైస్ (ర)కు దైవప్రవక్త (స) ఆ వరుల సంగతి దాచకుండా చెప్పారు.

నోరు జారేముందు ఒక్కటే ప్రశ్న వేసుకుందాం: ఈ మాటతో ఎవరికైనా న్యాయం జరుగుతుందా, మన కసి తీరుతుందా? అల్లాహ్ మన జీవనోపాధినీ, మన నాలుకనూ పరిశుద్ధంగా ఉంచుగాక! ఆమీన్.