రెండో స్కాలర్‌షిప్ వచ్చిందా? 12 వేల కోసం 35 వేలు పోగొట్టుకోకండి.. ఈ లెక్క చూశాకే అప్లై చేయండి!

మహేశ్వరం: ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయి. ఇంజినీరింగ్ సీటూ వచ్చింది. ఈ-పాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేశారు. ఇంతలో కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి కూడా అర్హులేనని ఎవరో చెప్పారు. రెండూ వస్తే మంచిదేగా అనుకుని నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనూ ఫామ్ నింపేస్తారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకటి తీసుకుంటే రెండోది పోయే పరిస్థితి ఉంది.

మహేశ్వరం, తుక్కుగూడ, శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ కాలేజీ బస్సులెక్కే పిల్లల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే చదువుకునేవాళ్లు ఎందరో. బీసీ, ఈబీసీ విద్యార్థులకైతే కుటుంబ ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఉండాలి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో చేరిన బీసీ విద్యార్థికి ఈఏపీసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు, ఆపైన ఉంటే ఏడాదికి 35 వేలు. దీన్నే ఆర్‌టీఎఫ్ అంటారు. మెస్, ఇతర ఖర్చుల కోసం ఇచ్చే ఎంటీఎఫ్ దీనికి అదనం.

ఇక కేంద్రం సంగతి. ఇంటర్ బోర్డులో 80 పర్సంటైల్ పైన ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షలు దాటని వాళ్లకు 'సెంట్రల్ సెక్టార్' స్కాలర్‌షిప్ ఉంది. దేశం మొత్తానికి ఏటా 82 వేల మందికి ఇస్తారు. బీటెక్‌లో మొదటి మూడేళ్లు ఏడాదికి 12 వేలు, నాలుగో ఏడాది 20 వేలు. కానీ ఇందులో ఓ కండిషన్ ఉంది. వేరే స్కాలర్‌షిప్ గానీ, రాష్ట్ర ప్రభుత్వ ఫీజు మాఫీ, రీయింబర్స్‌మెంట్ గానీ తీసుకుంటున్నవాళ్లు దీనికి అర్హులు కారు.

ఇప్పుడు లెక్క వేద్దాం

కాలేజీ ఫీజు లక్ష రూపాయలు అనుకుందాం. ర్యాంకు 10 వేలు దాటిన బీసీ అమ్మాయి. రీయింబర్స్‌మెంట్ ఉంటే ఇంట్లోవాళ్లు కట్టాల్సింది 65 వేలు. దాన్ని వదిలేసి సెంట్రల్ సెక్టార్ తీసుకుంటే కట్టాల్సింది 88 వేలు. అంటే ఏడాదికి 23 వేలు ఎదురు పెట్టుకున్నట్టే. నాలుగేళ్లకు చూస్తే ఒకవైపు లక్షా 40 వేలు, ఇంకోవైపు 56 వేలు. ఎంటీఎఫ్ కలపకుండానే 84 వేల తేడా.

అలాగని కేంద్రం డబ్బు ఎప్పుడూ దండగే అనుకోవద్దు. టెక్నికల్ కోర్సులు చదివే అమ్మాయిలకు ఏఐసీటీఈ ఇచ్చే 'ప్రగతి' స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు. ఆదాయ పరిమితి 8 లక్షలు. దీనికీ ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఇంకోటి ఉండకూడదనే నిబంధన ఉంది. పైన చెప్పిన అమ్మాయికే ఇది వస్తే 35 వేల కంటే 50 వేలే ఎక్కువ. కాకపోతే ఎంటీఎఫ్ కూడా తూకంలో వేసుకోవాలి. అదే అమ్మాయికి 10 వేల లోపు ర్యాంకు ఉంటే పూర్తి లక్షా ప్రభుత్వమే కడుతుంది కాబట్టి 'ప్రగతి' వైపు చూడనక్కర్లేదు. ఫ్రెండ్ తీసుకుందని మీరూ తీసుకుంటే కుదరదు.

చేతికొచ్చేది ఏది?

కాగితం మీద లెక్క ఇంత తేలిక. బయట మాత్రం వేరు. కేంద్రం డబ్బు నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఆర్‌టీఎఫ్ మాత్రం సాధారణంగా కాలేజీకి వెళ్తుంది, అదీ ఆలస్యంగా. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్‌కే దిగాయి. రీయింబర్స్‌మెంట్ రాలేదు, ముందు మీరు కట్టండి అని కాలేజీలు అడగడం, కోర్సు అయిపోయాక సర్టిఫికెట్ల దగ్గర పేచీ పెట్టడం ఏటా వినిపించే గొడవే. అందుకే కళ్లముందు కనిపించే 12 వేలు పెద్దగా అనిపిస్తాయి. తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేం. కానీ ఆలస్యమైన డబ్బు, రద్దయిన డబ్బు ఒకటి కాదు. బకాయి కోసం ప్రభుత్వాన్ని అడగొచ్చు. వదులుకున్న దాన్ని అడగలేం.

రెండిట్లోనూ ఎవరికీ తెలియకుండా తీసుకుంటే? రెండుచోట్లా ఆధార్ ఇవ్వాల్సిందే. పట్టుబడితే తీసుకున్నది వెనక్కి కట్టాల్సి రావొచ్చు, రెన్యువల్ ఆగిపోవచ్చు. అంతకన్నా ముందే కాలేజీలో దరఖాస్తులు వెరిఫై చేసే నోడల్ ఆఫీసర్‌ని కలిసి, ఏది ఉంచుకుంటారో రాసిచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవడం మంచిది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కేంద్రం పెట్టిన నిబంధనల్లో ఈ వెసులుబాటు ఏళ్లుగా ఉంది. రెండు వచ్చినప్పుడు ఏది లాభమో విద్యార్థే ఎంచుకుని, ప్రిన్సిపల్ ద్వారా తెలియజేయొచ్చు.

అమెరికాలోనూ ఇదే గోల

శంషాబాద్‌లో విమానమెక్కి వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. పిల్లలు డిగ్రీలో చేరేటప్పుడు కుటుంబానికి ఎంత సాయం అవసరమో కాలేజీ లెక్కగడుతుంది. తర్వాత ఏ సంఘమో, ఫౌండేషనో 2 వేల డాలర్లు ఇస్తే, కాలేజీ తన గ్రాంట్‌లో ఆ 2 వేలు తగ్గించేయొచ్చు. అంటే పిల్లాడి చేతికి అదనంగా దక్కేది సున్నా. కొన్ని కాలేజీలు ముందు లోన్ భాగాన్ని తగ్గిస్తాయి, అది నయం. ఈ కోతకు కళ్లెం వేస్తూ 2017లో మేరీల్యాండ్ రాష్ట్రం ప్రభుత్వ కాలేజీలకు చట్టం తెచ్చింది. పేద విద్యార్థుల కోసం కాలిఫోర్నియాలో 2023-24 నుంచి అలాంటి చట్టమే అమల్లో ఉంది.

మన దగ్గర ట్రస్టులు, కంపెనీలు ఇచ్చే ప్రైవేటు స్కాలర్‌షిప్‌లకు ఎవరి రూల్స్ వాళ్లవి. కొన్ని ప్రభుత్వ సాయం ఉన్నా ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. పైన చెప్పిన ఎస్సీ స్కాలర్‌షిప్ నిబంధనల్లోనే పుస్తకాలు, పరికరాలు, హాస్టల్ ఖర్చులకు బయటి నుంచి వచ్చే సాయాన్ని అదనంగా తీసుకోవచ్చని ఉంది. కాబట్టి మీ ఊరి దాత ఎవరైనా సాయం చేస్తామంటే, అది నిజంగా పుస్తకాలకో హాస్టల్‌కో అయినప్పుడు, ఆ మాట లెటర్‌లో స్పష్టంగా రాయించుకోండి. ఉత్త 'స్కాలర్‌షిప్' అని రాస్తే రేపు కాలేజీ ఆఫీసులో వివరణ ఇచ్చుకోవాల్సింది మీరే.