ఉస్మానియా చింతచెట్టు నుంచి గండిపేట దాకా.. మూసీ ఒడ్డున మనం మర్చిపోయిన లెక్క

హైదరాబాద్: అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా దవాఖానాకు రోజూ ఎంతోమంది వస్తుంటారు. ఓపీ చీటీ కోసం లైన్‌లో నిలబడేవాళ్లు, పేషెంట్లకు టిఫిన్ డబ్బాలు తెచ్చేవాళ్లు, నీడ దొరికిన చోట చద్దర్ పరుచుకుని కూర్చునేవాళ్లు.. ఎవరి తిప్పలు వాళ్లవి. ఆవరణలో ఉన్న పాత చింతచెట్టు వైపు చూసేవాళ్లు తక్కువే. కానీ 1908 సెప్టెంబర్ 28న ఈ చెట్టు కొమ్మలు పట్టుకునే దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

తుగ్యానీ అంటే..

పాతబస్తీ పెద్దలు ఆ వరదను ‘తుగ్యానీ’ అంటారు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ మామూలుగా బక్కచిక్కిన నది. ఆ ఏడు మాత్రం కుండపోత వానకు ఎగువన చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. అక్కడున్న 788 చెరువుల్లో 221 తెగినట్టు ఆ తర్వాత తేలింది. అంటే నగరం మీద పడింది ఒక్క వాన నీళ్లే కాదు, తెగిన చెరువుల నీళ్లు కూడా.

సుమారు 15 వేల మంది చనిపోయారని, 19 వేల ఇళ్లు కూలిపోయాయని అంచనా. నది ఒడ్డున ఉన్న కోల్సావాడి లాంటి బస్తీలు కొట్టుకుపోయాయి. రుబాయీలకు పేరున్న ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్లముందే తల్లి, భార్య, కూతురు నీళ్లలో పోయారు. ఆయనొక్కరే బతికి బయటపడ్డారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బాధితుల కోసం తన మహల్ తలుపులు తెరిపించారు.

వంతెనల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. అఫ్జల్‌గంజ్ దగ్గరి నయాపూల్, ముస్లింజంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిన్నాయి. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ మాత్రం నిలబడింది.

వరద తర్వాత పుట్టిన నగరం

1909లో నిజాం సర్కార్ ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన చెప్పింది సింపుల్ లెక్క. నగరం మధ్య మూసీ ఎంత నీటిని మోయగలదో అంతే కిందికి వదలాలి, మిగతాది నగరానికి పైనే ఆపాలి. దానికి రెండు జలాశయాలు కట్టాలి. నగరంలో ఒడ్డులు ఎత్తు చేయాలి, నది పక్కన ఇళ్లకు బదులు తోటలు పెంచాలి, మురుగునీటికి వేరే దారి చూపాలి.

ఆ లెక్క ప్రకారమే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మధ్యలో 1912లో నగరాన్ని బాగుచేయడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నది ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా దవాఖానా లేచాయి. మనం రోజూ బస్సు కిటికీలోంచి చూసే ఈ గుంబజ్‌లు, మినార్ల వరుస చాలావరకు వరద తర్వాతదే.

నిండుగా ఉంచాలా? ఖాళీగానా?

ఉస్మాన్‌సాగర్‌ను జనం గండిపేట అంటారు. ‘గండిపేట నీళ్లు తాగినోళ్లు హైదరాబాద్ వదలరు’ అనే మాట వినని ఇల్లు ఉండదు. ఈ మాటలోనే ఒక చిక్కు ఉంది. తాగునీటి కోసమైతే జలాశయం నిండుగా ఉండాలి. వరద ఆపాలంటే కొంత ఖాళీ ఉంచాలి. వానాకాలం చివర్లో రెండూ నిండిపోయి ఉన్నప్పుడు మళ్లీ పెద్ద వాన పడితే గేట్లు ఎత్తడం తప్ప దారి ఉండదు.

2025 సెప్టెంబర్ చివర్లో జరిగింది ఇదే. గేట్లు ఎత్తడంతో మూసీ పొంగి, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. ప్రయాణికులను బయటికి తీసుకురావాల్సి వచ్చింది. చాదర్‌ఘాట్ దగ్గరి ఇళ్లలోకీ నీళ్లు చేరాయి. తారీఖులు చూస్తే 1908 వరద రోజులకు పక్కపక్కనే ఉన్నాయి. విశ్వేశ్వరయ్య తోటలు పెంచమన్న నది పక్కనే ఇప్పుడు ఇళ్లు, బస్‌స్టేషన్ ఉన్నాయి మరి.

ఎగువన కూడా కథ మారుతోంది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కట్టడాలపై ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో 69 జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తేసింది. నేల కాంక్రీట్ అయితే వాన నీరు ఇంకదు, ఒక్కసారిగా కిందికి ఉరుకుతుంది. 1908లో చెరువులు తెగి చేసిన పని, రేపు కాంక్రీట్ చేసే ప్రమాదం ఉంది.

చెట్టు చెప్పేది

ఏటా సెప్టెంబర్ 28న కొందరు ఆ చింతచెట్టు కింద చేరి తుగ్యానీలో పోయినవాళ్లను గుర్తు చేసుకుంటారు. ఉస్మానియాకు గోషామహల్‌లో కొత్త భవనం కోసం 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. దవాఖానా అక్కడికి మారితే ఈ ఆవరణకు వచ్చే జనం తగ్గుతారు. చెట్టు మాత్రం ఇక్కడే ఉంటుంది. ఈసారి దవాఖానాకు వెళ్లినప్పుడు పిల్లలు వెంట ఉంటే, ఒక్క నిమిషం ఆగి ఆ చెట్టు చూపించండి. మూసీ ఎంత ఎత్తుకు వచ్చిందో వాళ్లకు ఏ పుస్తకం కన్నా ఆ కొమ్మలే బాగా చెబుతాయి.