సంక్రాంతి అంగడిలో తొలి దానం

ధనుర్మాసం చివరి వారానికి చేరేసరికి గుంటూరు పట్నంబజారు మొదలు పేటలలోని చిన్న అంగళ్ల దాకా పండుగ కళ కమ్ముకుంటుంది. రంగుల ముగ్గుపిండి రాశులు, రేగుపండ్ల గంపలు, చెరకు గడలు, బంతిపూల దండలు బాటకు ఇరువైపులా కొలువుదీరుతాయి. ఊరి వెలుపల ఒకవంక పత్తి తీతలు సాగుతుంటే, మరొకవంక మిరపచేలు ఎరుపెక్కుతుంటాయి. ఈ అంగడిలో మనం కొనే వస్తువులలో చాలా వరకు పూజకో, పెద్దల పేరిట దానానికో వెళ్లేవే. అందుకే సంక్రాంతి అంగడి ఒక విధంగా దేవుని ముంగిలి.

ఏ ఊరికి ఆ శోభ

విజయవాడ వన్‌టౌన్‌లోని కాళేశ్వరరావు మార్కెట్ పరిసరాలకు వెళితే పండుగ సరుకుల సందడి కనిపిస్తుంది. బొమ్మల కొలువు తీర్చే ఇళ్లకు ఆ సమీపంలోని కొండపల్లే పుట్టినిల్లు. తెల్లపొణికి కర్రను చెక్కి అక్కడి కళాకారులు దశావతారాలకు రూపమిస్తారు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ వైపు సాగితే అరిసెలకు అనకాపల్లి బెల్లం గుర్తుకు వస్తుంది. వరాహ నదీతీరంలోని ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో బంతులూ చామంతులూ గుట్టలు పడతాయి. మహానగరంలో పేడ దొరకదు గనుక భోగి పిడకల దండలను సైతం కొనుక్కోవలసిందే! ఊళ్లు వేరైనా గంపలోని భక్తి ఒక్కటే.

తులాధారుని త్రాసు

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కథ ఉంది. ఆయన కదలక మెదలక నిలిచి తపస్సు చేస్తుండగా జడలలో పక్షులు గూడు కట్టుకున్నాయి. పిల్లలు పెరిగి ఎగిరిపోయే దాకా ఆయన చలించలేదు. ధర్మాన్ని సాధించానని గర్వించిన ఆయనకు, వారణాసిలోని తులాధారునికి నీవు సాటిరావని అశరీరవాణి వినిపించింది. వెళ్లి చూస్తే ఆ తులాధారుడు మూలికలూ సుగంధ ద్రవ్యాలూ అమ్ముకునే వర్తకుడు! సర్వప్రాణులయెడ తన త్రాసు సమంగా ఉంటుందని, ఎవరికీ ద్రోహం తలపెట్టకుండా జీవించడమే తన ధర్మమని ఆయన మహర్షికి బోధించాడు. అంగడి కూడా తపోభూమి కాగలదని ఈ కథ చాటుతోంది.

దానానికి ముందు

మకర సంక్రమణ పుణ్యకాలంలో నువ్వులు, గుమ్మడిపండు, వస్త్రాలు దానం చేయడం మన ఆచారం. అయితే న్యాయంగా ఆర్జించినదే దానానికి తగినదని పెద్దలు చెప్పారు. ఆ మాట మన సంపాదనకే కాదు, మనం కొనే గుమ్మడిపండుకూ వర్తిస్తుంది కదా! పెద్ద దుకాణంలో అచ్చువేసిన ధరను మారుమాట లేకుండా చెల్లించే మనమే, బాట పక్కన చలిలో కూర్చున్న వృద్ధురాలి వద్ద రెండు రూపాయలకు వాదులాడుతాం. బేరమాడడం పాపం కాదు. కానీ భోగి పండుగ ముగిసిన తరువాత ఆమె రేగుపండ్లను అడిగేవారుండరు. అది తెలిసి, చీకటి పడే దాకా వేచి, అయినకాడికి గుంజుకోవడం మాత్రం ధర్మం కాదు. ఆ పండ్లనే పిల్లల తలపై పోసి దీర్ఘాయుష్షు కోరుకుంటాం. ఒకరి నిట్టూర్పు కలిసిన పండు ఆశీస్సు ఎలా అవుతుంది? అలాగే తూకంలో తగ్గించే వర్తకుడికీ తులాధారుని త్రాసే ప్రమాణం.

ఈసారి పిల్లలను వెంటబెట్టుకుని అంగడికి వెళ్లండి. ఏ పండు ఏ చేలో పండిందో, ఏ బొమ్మ ఎవరి చేతిలో రూపుదిద్దుకుందో వారికి చెప్పండి. తగిన ధరను చిరునవ్వుతో వారి చేతనే ఇప్పించండి. సంక్రాంతి నాడు మీరిచ్చే దానం ఆ క్షణంలోనే మొదలవుతుంది. సూర్యభగవానుడు అందరి ముంగిళ్లలోనూ సమంగా వెలుగులు నింపుగాక!